నడవండి, లేదా పడుకోండి

పోయిన నెల నంద్యాలలో నా ఎడమకాలి ఉబ్బునరాలకు వైద్యం చేయించుకున్నాను. మోకాలి కింద చిన్న రంధ్రం చేసి, సన్నని తీగను నరంలోకి పంపి, లోపలి నుంచే కాల్చి మూసేశారు. పొద్దున పోయినదాన్ని మధ్యాహ్నం భోజనానికి నా కాళ్ల మీద నేనే నడిచి ఇంటికొచ్చాను. వైద్యం గురించి నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదు ఒక మాట గురించి. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉండేదా అని ఆ కుర్ర డాక్టరు అడిగాడు. మా నాయనకు ఉండేది, పుండు కూడా పడింది, ఇదే ఊళ్లో ఆపరేషను చేశారు అని చెప్పాను. "అప్పట్లో గజ్జల దగ్గర కోసి, నరాన్ని తీగకు కట్టి లాగేసేవాళ్లు లెండి. మొరటు పద్ధతి," అని అతను కంప్యూటరు వైపు తిరిగాడు. ఆ మొరటు పద్ధతి తర్వాతే మా నాయన రిటైరయ్యేదాకా పాఠం చెప్పాడు, పోయేదాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచాడు. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచేలోగా తర్వాతి పేషెంటును పిలిచేశాడు. చెప్పనివ్వని మాట నాలో ఊరికే పడి ఉండదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాయన ఆళ్లగడ్డలో ఎలిమెంటరీ స్కూలు టీచరు. పేరు దేవదానం. మా అద్దె ఇల్లు విగ్రహాలు చెక్కేవాళ్ల పాకల వెనక ఉండేది. తెల్లవారకముందే ఉలిదెబ్బలు మొదలయ్యేవి, ఎండెక్కే కొద్దీ రాతిపొడి లేచేది. ఆ పొడి పుండులో పడుతుందని అమ్మ కిటికీకి తడిపిన పాతచీర కట్టేది. పుండు కుడికాలి లోపలివైపు, చీలమండకు పైన, అరచేయంత ఉండేది. చుట్టూ చర్మం మాడిన జొన్నరొట్టెలా నల్లబడి గట్టిపడింది. ఒక్కోసారి సగం మానేది, ఇంట్లో అందరం కాస్త తేలికపడేవాళ్లం, స్కూళ్లు తెరిచిన నెలకల్లా మళ్లీ విచ్చుకునేది. సాయంత్రం ప్రార్థన అయ్యాక కట్టు మార్చడం మా ఇంటి పద్ధతి. అమ్మ ఎనామెల్ బేసిన్లో వేపాకు కాచిన నీళ్లు పోసి, రెండు పలుకుల పొటాషియం పర్మాంగనేట్ వేసేది. నీళ్లు వంకాయరంగు తిరిగేవి. నాయన అందులో కాలు పెట్టుకుని, పిల్లల పలకలమీద రాసినవి ఎంత బాగున్నాయో, ఎంత బాగలేవో చెబుతూ కూర్చునేవాడు. పాత పంచెలు చింపి, ఉడకబెట్టి, దండెం మీద ఆరవేసిన గుడ్డపీలికలు చుట్టడం నా పని. వాసన గురించి రాయకుండా దాటేస్తే అబద్ధం రాసినట్టవుతుంది. వాసన ఉండేది. మేము దానికి అలవాటు పడ్డాం. ఇంటికొచ్చినవాళ్లు అలవాటు పడలేదు.

చర్చిలో చాపల మీద కూర్చునేవాళ్లం. మా నాయన కూర్చున్న చాప మీద క్రమంగా ఆయన ఒక్కడే మిగిలాడు. ఎవరెవరు ఏ ఆదివారం లేచి పక్క చాపకు పోయారో ఇప్పటికీ చెప్పగలను. ప్రభుభోజన సంస్కారం రోజు అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగేవాళ్లం. సంఘపెద్ద భార్య ఒకామె అమ్మను పక్కకు పిలిచి, "మీ ఆయన్ను కడాన తాగమను మ్మే, పెద్దరోగమేమోనని జనం అనుకుంటాండారు," అంది. అది కుష్ఠు కాదని అమ్మకు తెలుసు, ఆమెకూ తెలుసు. నాయన ఆ తర్వాత కడాన కూడా తాగలేదు, అసలు తాగడమే మానేశాడు. ఆమె కూతురి పెళ్లికి నేను పోలేదు. ఆమె చనిపోయినప్పుడూ పోలేదు.

పెద్దరోగం కాకపోతే ఏమిటన్నది ఆళ్లగడ్డలో ఎవరికీ అంతుబట్టలేదు. సూదులు వేసేవాళ్లు వేశారు, పసరు పూసేవాళ్లు పూశారు. చివరికి నంద్యాలలో ఒక ఆపరేషన్ల డాక్టరు ఉన్నాడంటే, నేను ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఎండాకాలంలో అక్కడికి పోయాం. ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట మెల్లగా ఉండేది. పుండును ఒక్కసారి చూసి వదిలేశాడు. నాయనను పడుకోబెట్టి, కాలు పైకెత్తించి, తొడకు రబ్బరు గొట్టం బిగించి, నిలబడమన్నాడు. గొట్టం వదలగానే పిక్క మీది నరాలు వానపాముల్లా ఉబ్బి కిందికి నిండుకోవడం నేను కళ్లారా చూశాను.

"చూశారా మాస్టారూ? నెత్తురు పైకి ఎక్కాలి. దారిలో చిన్న చిన్న తలుపులుంటాయి, కిందికి జారకుండా. మీకు ఆ తలుపులు పాడైపోయాయి. జబ్బు పుండులో లేదు, పైన ఉంది. రోజుకు ఎంతసేపు నిలబడతారు?"

"బడి ఉన్నంతసేపూ సార్."

"బడి అయ్యాక?"

నాయన ఆలోచించాడు. "అదీ... ఎవురన్నా పెద్దోళ్లొస్తే నిలబడతాను సార్."

డాక్టరు నవ్వాడు, ఇదేదో మర్యాదకు చెప్పిన మాట అనుకుని. మర్యాదకు చెప్పిన మాట కాదది. హెడ్మాస్టరు వస్తే, పాస్టరు వస్తే, చివరికి పోస్టుమాన్ వచ్చినా నాయన లేచేవాడు. అందరికంటే ఎక్కువగా పెద్దరెడ్డికి లేచేవాడు. పెద్దరెడ్డి మా సొంత ఊరి భూస్వామి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో, ఆళ్లగడ్డకు రెండు మైళ్ల ముందు దిగాలి ఆ ఊరికి. మా తాత ఆయన ఇంట్లో ఏడాదికింతని కుదురుకున్న జీతగాడు. నాయన చిన్నప్పుడు ఆయన పశువులు తోలాడు. "వాణ్ని చదువుకోనీ పో," అని పెద్దరెడ్డి ఒకనాడు తాతతో అన్నాడట. ఆ ఒక్క మాటకు నాయన జీవితమంతా లేచి నిలబడ్డాడు. పశువుల దగ్గర్నుంచి వదిలిపెట్టడం మేలెట్లా అవుతుందని నేను వాదించేదాన్ని. "వదలనోళ్లు గూడా ఉండారు పాపా," అనేవాడు నాయన. ఈ జవాబు నాకు అప్పుడూ సరిపోలేదు.

పుండు శుభ్రపడేదాకా పది రోజులు పడుకోబెట్టి, తర్వాత ఆపరేషను చేశారు. వెన్నులో సూది వేసి, గజ్జల దగ్గర నరాన్ని కోసి కట్టి, దాన్ని తీగతో లాగేసి, పిక్క పక్కన నాలుగు గాట్లు పెట్టి లోపలి నరాలతో కలిసే చోట్ల ముడులు వేశారు. ఎడమతొడ మీంచి ఉల్లిపొరంత పలచని తోలు చెక్కి పుండు మీద పరిచారు. మంచం కాళ్లవైపు రెండేసి ఇటుకలు పెట్టారు. తల కిందికీ కాళ్లు పైకీ ఉండేలా పడుకున్న నాయన, చూడ్డానికి వాలుగా జారిపోతున్నట్టు కనపడేవాడు. డాక్టరు మంచం దగ్గర నిలబడి నాకూ అమ్మకూ చెప్పాడు. "అయిదు రోజులు కాలు కిందికి దించకూడదు. కింద నెత్తురు చేరితే ఆ పొర తేలిపోతుంది, అతుక్కోదు. మానిన తర్వాత కూడా ఇంటికెళ్లి ఒకటే గుర్తుపెట్టుకోండి మాస్టారూ. నడవండి, లేదా పడుకోండి. నిలబడవద్దు. కాలు వేలాడేసి కూర్చోవద్దు."

మూడో రోజు పొద్దున అమ్మ ఇంటికి పోయింది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని పేపరు చదివి వినిపిస్తున్నాను. వరండాలో దగ్గు వినపడింది. ఆ దగ్గును నాయన నాకంటే ముందు గుర్తుపట్టాడు. పెద్దరెడ్డి గుమ్మంలోకి వచ్చేసరికే నాయన దుప్పటి తీసి, రెండు కాళ్లూ నేలకు దించి, మంచం కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నాయనా," అని మాత్రం అన్నాను. ఆ తర్వాత నేనూ లేచాను. ఇది రాయడం నాకు ఇష్టంగా లేదు, కానీ లేచాను. నేను ఖాళీ చేసిన స్టూలు మీద పెద్దరెడ్డి కూర్చున్నాడు.

"ఏమప్పా దేవదానం, కోర్టు పని మీద వచ్చింటి. కోసినారంట గదా?"

"అవ్ రెడ్డీ. మీరెందుకు శ్రమపడి..."

"శ్రమేముంది. బత్తాయిలు తెచ్చినా, తిను."

అరగంట మాట్లాడాడు. కోర్టులో వాయిదాలు, బోరుబావిలో నీళ్లు పడకపోవడం, సెనిక్కాయ పైరుకు పట్టిన తెగులు. మంచి మాటలే. ప్రేమగానే వచ్చాడు, అది నేను కాదనను. నాయన కమ్మీ పట్టుకుని అన్నిటికీ తలూపాడు. కట్టు మీద చీలమండ దగ్గర ఎర్రగా ఒక చుక్క కనబడి, చూస్తుండగా రూపాయి బిళ్లంత అయింది. దాన్నే చూస్తూ నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పటి నేనైతే మాట్లాడేదాన్ని. పద్దెనిమిదేళ్ల నేను నోరు మూసుకున్నాను. పెద్దరెడ్డి పోయాక నాయన మెల్లగా మంచం ఎక్కి, "డాక్టరుకు చెప్పాకు," అన్నాడు.

అయిదో రోజు కట్టు విప్పితే ఆ పొర గుడ్డతోపాటే వచ్చేసింది, తడిసిన కాగితంలా. డాక్టరు దాన్ని పట్టకారుతో ఎత్తి చూశాడు. "మాస్టారూ, నిలబడ్డారా?"

"ల్యాదు సార్."

"నిలబడినాడు సార్," అన్నాను. "పెద్దరెడ్డి వచ్చినాడు."

"ఆయన లేవమన్నారా?"

"అన్లేదు సార్."

"మరి?"

ఆ ప్రశ్నకు నాయన గోడవైపు చూశాడు. బేసిన్ పట్టుకుని నిలబడిన నర్సమ్మే చెప్పింది. "మా కాడ అంతే సార్. పాస్టరొచ్చినా లేస్తారు, అత్తొచ్చినా లేస్తారు. పోయిన నెల ఒకాయమ్మ వియ్యంకునికి లేసి కుట్లు తెంపుకున్యాది."

డాక్టరు చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. "ఇంకోసారి వేస్తాను. మూడోసారికి మీ తొడమీద చోటుంటుంది గానీ, నాకు ఓపిక ఉండదు," అన్నాడు.

మూడు వారాలు ఆగి రెండోసారి వేశారు, ఈసారి కుడితొడ నుంచి. వేసిన రోజు సాయంత్రం నాయన అమ్మతో, "బుధవారం రెడ్డికి మళ్లా వాయిదా ఉంది, ఈడికొస్తాడు," అన్నాడు. ఆ గొంతులో భయం లేదు, ఎదురుచూపు ఉంది. నాకు భయం వేసింది. మరుసటి పొద్దున, ఇంటి నుంచి బట్టలు తెస్తానని అమ్మకు చెప్పి బస్సెక్కి, ఆళ్లగడ్డ దాకా పోకుండా రెండు మైళ్ల ముందే దిగాను.

పెద్దరెడ్డి వాకిట్లో నులకమంచం మీద కూర్చుని సెనిక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఎదురుగా గోడవారగా పొడవాటి నాపరాతి బండ. దాని మీద కూర్చోమంటాడేమోనని ఒక్క క్షణం ఆగాను. అనలేదు.

"ఎవురు పాపా నువ్వు?"

"దేవదానం సార్ కూతుర్ని."

"వాని కూతురువా? వానికి కాలెట్లుంది?"

మా నాయన వయసు అప్పటికి నలభై దాటింది, ముగ్గురు హెడ్మాస్టర్ల కింద పనిచేశాడు. ఆయనను వాడు అన్నాడు. అది పక్కన పెట్టి, వచ్చిన పని చెప్పాను. "అతికించిన తోలు ఊడిపోయింది. మళ్లా అతికించినారు."

"అయ్యో. ఎందుకూడిపోయ?"

"మీరొచ్చినప్పుడు లేసి నిలబడినాడు గదా. అందుకే."

ఆయన చేతిలో కాయ ఒలవడం ఆపాడు. "నేనేమన్నా లెయ్యమన్న్యానా?"

"కూసోమని గూడా అన్లేదు."

లోపలి నుంచి ఆయన భార్య గొంతు వచ్చింది. "ఎవురది, మాటకు మాట చెప్తాండేది?"

"నువ్వుండు," అన్నాడాయన లోపలికి. మళ్లీ నావైపు తిరిగి, "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్?"

"పది దినాలు ఆస్పత్రికి రావద్దు."

"నంద్యాలకొచ్చి, వాణ్ని చూడకుండా పొమ్మంటావ్."

"అవ్."

చేతిలోని కాయ ఒలిచి గింజలు నోట్లో వేసుకున్నాడు. కోపమో కాదో తెలియలేదు. "సరే, పో," అన్నాడు. మంచినీళ్లు కావాలా అని అడగలేదు. అడిగినా తాగేదాన్ని కాదు, కానీ అడగలేదు.

ఆ పది రోజులూ మంచం మీద నాయన చూపు గుమ్మం వైపే ఉండేది. బుధవారం వచ్చింది, పోయింది. "రెడ్డి రాలేదే," అన్నాడు. గురువారం, "ఒంట్లో బాగలేదేమో," అన్నాడు. శుక్రవారానికి, "నా మీద కోపమొచ్చిందేమో పాపా, ఆ దినం బత్తాయిలు ఆయన ముందర తినలేదు గదా," అన్నాడు. నేను పేపరు చదువుతూనే ఉన్నాను. ఏ హెడ్మాస్టరు చూపిన చిన్నచూపుకూ నాయన అంత నలగడం నేను చూడలేదు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. చెబితే కాలు దించి, బస్సెక్కి క్షమాపణ చెప్పడానికి పోతాడని ఊరుకున్నాను. కట్టు విప్పిన రోజు పొర అతుక్కుని ఉంది. పసిపిల్ల అరికాలి రంగులో, అంచుల దగ్గర కొంచెం ముడతలు పడి, మొత్తం అతుక్కుని ఉంది. డాక్టరు వేలితో సున్నితంగా నొక్కి చూసి, నావైపు తలూపాడు. నా జీవితంలో నాకు అందిన మెప్పులు తక్కువ. దాన్ని లెక్కలోకి తీసుకుంటాను.

ఇప్పుడు నా కాలికి మడత విప్పి ఎక్కించుకునే బిగుతు మేజోడు ఇచ్చారు, అట్టపెట్టెతో సహా. అప్పుడు సాగే కట్టుగుడ్డ ఒక్కటే ఇచ్చారు. పొద్దున కాలు నేల మీద మోపకముందే, వేళ్ల దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా, కింద బిగువుగా, పైకి పోయే కొద్దీ వదులుగా చుట్టాలి. అది నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. నాకు ఇప్పుడు మధ్యాహ్నానికి అయిపోయిన పనికి అప్పుడు మా ఇల్లు మొత్తం ఎండాకాలమంతా కదిలింది. సౌకర్యం పెరిగింది, ఒప్పుకుంటాను. కానీ నా మంచం పక్కన నిలబడి, నువ్వు రోజుకు ఎంతసేపు నిలబడతావు, ఎవరి కోసం నిలబడతావు అని ఈసారి ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర చెప్పడానికి చాలా ఉంది.

నాయనను ఇంటికి పంపిన రోజు ముగ్గురం ఆళ్లగడ్డ బస్సెక్కాం. అమ్మ నాయన కాలి కింద మూట పెట్టి ఎత్తుగా ఉంచింది. రెండు మైళ్లుందనగా నాయన లేచి బస్సు ఆపించాడు. "రెడ్డిని చూసి పోదాం. ఆయన ఎందుకు కోపం చేసినాడో కనుక్కోవల్ల." వద్దని అమ్మ అంది. నేనూ అన్నాను. దిగాడు.

వాకిట్లో పెద్దరెడ్డి అదే నులకమంచం మీద ఉన్నాడు. నాయన దండం పెట్టాడు. ఆ తర్వాత ఏం చేయాలో ఆయనకు తోచలేదని నాకు తెలుస్తూనే ఉంది. రెడ్డి ముందు కూర్చోలేడు. నిలబడవద్దని డాక్టరు చెప్పాడు. పడుకోవడం కుదిరే పని కాదు. చివరికి డాక్టరు చెప్పినవాటిలో మిగిలినదాన్ని పట్టుకున్నాడు. నడవడం మొదలుపెట్టాడు. పశువుల కొట్టం దాకా పోయి, తిరిగి గుమ్మం దాకా వచ్చి, మళ్లీ కొట్టం దాకా పోతూ మాట్లాడాడు. ఆ వాకిట్లో మాట్లాడుతూ అటూ ఇటూ తిరిగే మనిషి అంతకుముందు పెద్దరెడ్డి ఒక్కడే.

"కాలు మానింది రెడ్డీ. మీరు మళ్లా రాలేదే అని..."

"ఎట్లొస్తానప్పా? మీ పాప ఈడికొచ్చి రావద్దని చెప్పిపోయ గదా."

నాయన నడక ఆగలేదు. ఒక్కసారి నా ముఖం చూసి దాటిపోయాడు. కొట్టం దగ్గర తిరిగి, "చిన్నపిల్ల రెడ్డీ, తెలీక మాట్లాడింది, మనసులో పెట్టుకోవద్దు," అన్నాడు. నా తరఫున క్షమాపణ చెప్పాడు. నన్ను అడగకుండా చెప్పాడు. ఇన్నేళ్లలో నాయన మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే, అది పాతబడలేదు.

"తెలీకేం గాదులే, తెలిసే మాట్లాడింది," అన్నాడు పెద్దరెడ్డి. ఆయన తల నాయనతోపాటు అటూ ఇటూ తిరుగుతోంది. "నువ్వు ముందు కూసో."

"పర్వాలేదు రెడ్డీ."

"నాకు పర్వా ఉంది. తల తిరుగుతాంది. నువ్వు కూసుంటావా, నన్ను లెయ్యమంటావా?" అని రెండు చేతులూ మంచం పట్టె మీద మోపాడు, నిజంగానే లేవబోతున్నట్టు.

నాయన గబుక్కున నాపరాతి బండ అంచున కూర్చున్నాడు. కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. నేను వంగి, కుడికాలు ఎత్తి బండ మీద పొడుగ్గా పెట్టాను. బండ ఉన్న తీరుకు పాదం నేరుగా పెద్దరెడ్డి ముఖంవైపు చాపినట్టయింది. పెద్దవాళ్లవైపు కాళ్లు చాపకూడదని మాకు మాటలు రాకముందే నేర్పుతారు. నాయన కాలు వెనక్కి లాక్కోబోయాడు. నేను మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దరెడ్డి ఆ పాదాన్ని చూశాడు. కట్టును వేళ్ల నుంచి మోకాలి దాకా చూశాడు. "ఎన్ని గజాలుంటాదప్పా ఆ గుడ్డ?" అన్నాడు.

"అయిదు రెడ్డీ," అన్నాడు నాయన. "వేళ్ల కాడ్నుంచి మొదులుపెట్టల్ల. ఎందుకంటే, నెత్తురు పైకెక్కల్ల గదా, దావలో తలుపులుంటాయి..." అని మొదలుపెట్టాడు. రెండు వాక్యాల తర్వాత అది బడిలో పాఠం చెప్పే గొంతయింది. నా చెయ్యి మోకాలి మీదే ఉంచాను. కాలు మళ్లీ లాగలేదు.